తాళం వేసింది నేనే

నూట అరవై క్రెడిట్లు, అందులో ప్రాచీన చరిత్రకు పన్నెండు, మధ్యయుగానికి పన్నెండు, ఒక పరాయి భాష, పాత పత్రాల గదిలో అరవై గంటల పని, అన్నీ అయిపోయాయి, ఎప్పుడో అయిపోయాయి. పట్టాకు కావలసినవి అంటూ నోటీసు బోర్డు అద్దం వెనక అంటించిన ఈ కాగితంలో నాకు మిగిలింది పదకొండో అంశం ఒక్కటే, మౌఖిక పరీక్ష, అది కూడా పదకొండింటికి మొదలవ్వాల్సింది, ఇప్పుడు పదకొండుంబావు. తలుపు అవతల ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. వ్యాసంతో పాటు ఇచ్చిన ఫారంలో పదో అంశం దగ్గర టిక్కు పెట్టినప్పుడు నా పెన్ను ఆగిందా? ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది, కనీసం చెయ్యి వణికిందని చెప్పుకోవడానికి ఉండేది. పదో అంశం విద్యార్థి ధ్రువీకరణ. ఈ వ్యాసంలో ఉదహరించిన ఆధారాలన్నీ నాకు తెలిసినంతవరకు యథార్థమైనవని ధ్రువీకరిస్తున్నాను. నాకు తెలిసినంతవరకు. ఆ మాట ఎవరు కనిపెట్టారో గానీ మనిషి మనసు ఎరిగినవాళ్లే. నిజమేనా అని అడగరు, నీకేం తెలుసు అని అడుగుతారు. నాకు తెలిసింది రెండు నెలల కిందట. సంతకం పెట్టింది మూడు వారాల కిందట. నాలుగేళ్లు చరిత్ర చదివినదాన్ని, ఈ రెండింటిలో ఏది ముందో ఏది వెనకో తెలియదని ఎవరికి చెప్పను?

"ఏమ్మా, ఎంతసేపని చదువుతావు ఆ కాగితం? నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఒక్క అక్షరం మారలేదు." కిటికీ పక్క బల్ల దగ్గర విభాగం గుమాస్తా. మేమంతా ఆయన్ని ముద్రల మావయ్య అంటాం, ఆయన వినకుండా. "బయటి పరీక్షకులవారి రైలు ఆలస్యం. పన్నెండవుతుంది. కూర్చో."

"ఫర్వాలేదండీ."

"భయమా?"

"లేదండీ."

"భయం లేదంటే అంతా చదివేసి ఉండాలి, లేదా అసలేమీ చదవకుండా ఉండాలి. నువ్వు మొదటి రకమేలే." టప్పున ఒక ముద్ర వేశాడు.

కూర్చున్నాను. ఆయన బల్ల మీదే ఉన్నాయి నా వ్యాసం ప్రతులు నాలుగూ, నల్ల అట్ట, బంగారు రంగు అక్షరాలు, గొడుగుల కర్మాగారంలో స్త్రీ కార్మికులు, ఒక అగ్నిప్రమాదం. అట్ట మీద ఆ అక్షరాలు చూసి అమ్మ వేలితో తడిమింది. పెద్దమ్మ తడమలేదు. "ఇంత లావుగా ఉంది, నేను అంత మాట్లాడానా?" అని మాత్రం అడిగింది. నువ్వు మాట్లాడింది పదకొండు పేజీలే పెద్దమ్మా. మిగతాదంతా నేను నీ నోట్లో పెట్టింది. అలా అనలేదు నేను, నవ్వాను. ఎంత మామూలుగా నవ్వగలిగానో. దొంగతనం చేసినవాడు పరిగెత్తుతాడనుకుంటాం గానీ, పరిగెత్తడు, నవ్వుతాడు, టీ తాగుతాడు, చక్కెర సరిపోయిందా అంటే సరిపోయిందంటాడు.

నలభై ఏళ్ల కిందటి సంగతి. ఊరి చివర గొడుగులు చేసే కర్మాగారం. మూడు గదులు. ఒక దాంట్లో ఇనప ఊచలు వంచేవాళ్లు, ఒక దాంట్లో వాన నీళ్లు దిగకుండా గుడ్డకు పూసే మైనం కాచేవాళ్లు, మధ్య గదిలో ఇరవై రెండు మంది ఆడవాళ్లు పీటల మీద కూర్చుని ఎనిమిదేసి ముక్కల గుడ్డను ఎనిమిదేసి ఊచలకు చేత్తో కుట్టేవాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం మైనం అంటుకుంది. ముందు గుమ్మం మైనం గది వైపు ఉంది. ఇంకోటి పక్క తలుపు, దానికి తాళం వేసి ఉంది. ఇద్దరు చనిపోయారు. విచారణ నివేదిక ముప్పై నాలుగు పేజీలు, పాత పత్రాల గదిలో అరవై గంటలు కూర్చున్నప్పుడు నాకే దొరికింది, దాంట్లో ఆఖరి వాక్యం, పక్క తలుపునకు తాళము వేసినది ఎవరన్నది తేలలేదు. తేలలేదు. ఆ ఒక్క మాట మీద నా కళ్లు నిలిచిపోయాయి. ఆకలేసినవాడి కంటికి అన్నం కనబడినట్టు కనబడింది నాకు. ఎందుకంటే ఆ ఇరవై రెండు మందిలో ఒకావిడ మా ఇంట్లోనే ఉంది, అమ్మకు అక్క, పెళ్లి చేసుకోలేదు, నన్ను ఎత్తుకు పెంచింది, జడ వేసేటప్పుడు జుట్టు లాగి లాగి వేసేది. ఆవిడ ఆ కర్మాగారం సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు. ఎత్తకపోవడమే ఒక ఆధారంలా అనిపించింది నాకు. అప్పటికే నేను ఆవిడని పెద్దమ్మలా చూడడం మానేశానా? అవును, ఆ రోజే మానేశాను, నివేదిక మూసి సంచీ భుజాన వేసుకుని బస్సెక్కేలోపే.

వ్యాసానికి ఒక మౌఖిక సాక్ష్యం తప్పనిసరి, తొమ్మిదో అంశం, సాక్షి సమ్మతి పత్రంతో సహా. సమ్మతి పత్రం ఇచ్చినప్పుడు కళ్లజోడు కోసం కూడా వెతకలేదు పెద్దమ్మ. "ఎక్కడ పెట్టమంటావు సంతకం? నా మాటలు నావేనని నేను ఒప్పుకోవాలా? విడ్డూరంగా ఉందే మీ చదువు." పెట్టేసింది, కిందకి జారిపోయే పెద్ద పెద్ద అక్షరాలతో. తర్వాత, చలికాలంలో ఒకరోజు, వంటగదిలో ఫోను బల్ల మీద పెట్టి మాటలు రికార్డు చేశాను. గంటా నలభై నిమిషాలు. ఎన్ని కుట్లకు ఎంత, ఏ మేస్త్రీ మంచివాడు, సూది విరిగితే ఎవరు తిట్టేవాళ్లు, అన్నీ చెప్పింది, నవ్వుతూ చెప్పింది. అప్పుడు అడిగాను.

"ఆ రోజు పక్క తలుపు దగ్గర ఎవరున్నారు పెద్దమ్మా?"

"తలుపు దగ్గర నా పీటే కదా. నేనే ఉన్నా. తాళం వేసింది కూడా నేనే."

కుర్చీ చెయ్యి మీద వేళ్లతో కొట్టింది.

"అదే ఆఖరు. మళ్లీ ఎప్పుడూ వేయలేదు," అంది. కళ్లు తుడుచుకుంది. లేచి, పాలు పొంగుతాయని పొయ్యి దగ్గరికి వెళ్లింది. నేను రికార్డు ఆపేశాను. గౌరవంతో ఆపానని అనుకున్నాను అప్పుడు. పెద్దావిడ గుండె విప్పింది, ఇక తవ్వకూడదు అని. గౌరవం కాదు. భయం. ఇంకొక్క మాట అడిగితే ఆ వాక్యం నా చేతిలోంచి జారిపోతుందేమోనని భయం. మొదటి ఏడాది మొదటి క్లాసులో చెప్పారు మాకు, సాక్షి నువ్వు కోరుకున్న మాట అన్నప్పుడే రెండో ప్రశ్న అడగాలి అని. రాసుకున్నాను కూడా, కింద గీత గీసి. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే పదికి తొమ్మిది వచ్చాయి.

తర్వాత అంతా దానంతటదే రాసుకుపోయింది. నివేదికలో ఇంకో సంగతి ఉంది, తాళం తలుపుకు బయటి వైపున వేలాడుతూ కనిపించిందని. లోపల పీట మీద కూర్చున్న మనిషి బయటి వైపు తాళం ఎలా వేస్తుంది? చిన్నపిల్లని అడిగినా చెబుతుంది. నేను చిన్నపిల్లని కాను, ఆఖరి ఏడాది విద్యార్థిని, దారి కనిపెట్టాను. పక్క తలుపు గుండా బయటికెళ్లి, తాళం వేసి, ఆవరణ చుట్టూ తిరిగి, ముందు గుమ్మం గుండా లోపలికొచ్చి, తన పీట మీద కూర్చుని ఉంటుంది అని రాశాను. పటం గీశాను. పటం రెండు. ఎర్ర బాణం గుర్తు. ఆ బాణం ఎంత అందంగా వచ్చిందంటే, దాన్ని చూస్తుంటే పెద్దమ్మ నిజంగానే ఆ ఎండలో నడిచి వెళ్తున్నట్టు కనబడేది నాకు, తాళంచెవి కొంగున ముడేసుకుని. ఎందుకు వేసింది? యాజమాన్యం ఒత్తిడి. పని వేళల్లో ఎవరూ బయటికి పోకుండా తోటి కార్మికురాలి చేతే తాళం వేయించారు. ఇది చదివి మా మేడం, నా పరిశోధన చూసే మేడం, కుర్చీలోంచి లేచి నిలబడింది. "నలభై ఏళ్లుగా ఎవరికీ తేలనిది మీ ఇంటి వంటగదిలో దొరికిందా నీకు! అణచబడ్డ మనిషే అణచివేతకు పనిముట్టు కావడం, ఇదమ్మా వాదన అంటే!" నాలుగేళ్లలో నన్ను చూసి ఎవరూ అలా లేచి నిలబడలేదు. ఆ నిలబడడం కోసం ఇంకో బాణం గీయమన్నా గీసేదాన్ని.

పేరు రాయలేదులెండి. శ్రామికురాలు ఏడు అని రాశాను. ఎంత జాగ్రత్త! పేరు రాయలేదు గానీ, పక్క తలుపు దగ్గర పీట వేసుకునే శ్రామికురాలు ఏడు అని రాశాను. ఆ పీట ఎవరిదో తెలియనివాళ్లు అక్కడ పనిచేసినవాళ్లలో ఒక్కరూ లేరు.

రెండు నెలల కిందట, ఒక ఆదివారం. రేడియోలో ఏదో పాట వస్తోంది, పెద్దమ్మ కూనిరాగం తీస్తూ స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతోంది. అమ్మ నవ్వింది. "అక్కా, తాళం తప్పుతున్నావు."

"తప్పక ఏం చేస్తుంది? నలభై ఏళ్లయింది వేసి. ఆ గొడుగుల్లో రోజంతా నేనేగా వేసేది, వీళ్లు పాడుతుంటే. విరిగిన ఊచ తీసుకుని సూదుల డబ్బా మీద. నేను తాళం వేస్తేగానీ ఒక్కత్తెకీ సూది కదిలేది కాదు."

నేను ఏదో చదువుతున్నాను. చదువుతున్న పేజీ అలాగే ఉంది, అక్షరాలు మాత్రం పోయాయి. పాటకి తాళం. ఆ రోజు కూడా వాళ్లు పాడుతున్నారు, ఈవిడ తాళం వేస్తోంది, పొగ వచ్చింది. అదే ఆఖరు. మళ్లీ ఎప్పుడూ వేయలేదు. లేచి మేడ మీదికి వెళ్లి ఫోను చెవికి ఆనించుకుని రికార్డు విన్నాను. తాళం వేసింది కూడా నేనే. ఆ వెంటనే, నేను అంతకుముందు ఇరవైసార్లు విన్నదే, కుర్చీ చెయ్యి మీద వేళ్లు, టక, టకటక, టక. ఆవిడ వాయించి చూపించింది నాకు. నోట మాట రాక వేళ్లతో చెప్పింది. దాన్ని నేను వ్యాసంలో రాశాను కూడా, బ్రాకెట్లో, ఈ మాట చెబుతూ సాక్షి అసహనంతో కుర్చీ మీద వేళ్లతో కొట్టినది అని. అసహనంతోనట. నేను గమనించాను. గమనించి మరీ చెడగొట్టాను.

మేడ మెట్ల మీద కూర్చుని అనుకున్నాను, రేపు మేడంకి చెప్పేస్తాను. రేపు వచ్చింది. మేడం అడిగింది, మూడో అధ్యాయం ఎంతవరకు వచ్చిందని. దాదాపు అయిపోయిందన్నాను. మనసు ఎంత పనిమంతురాలో చూడండి, రెండు రోజుల్లో కొత్త దారి వేసి పెట్టింది, పాటకి తాళం వేసేదన్న మాట నిజమే, అలాగని తలుపుకి కూడా వేయలేదని ఎలా చెప్పగలం? రెండూ అయి ఉండొచ్చుగా? సాక్ష్యం బహుళార్థకం. ఎంత మంచి మాట బహుళార్థకం! పెద్దమ్మని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. వంటగదిలోనే ఉంది, నాకు ఆరడుగుల దూరంలో, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ. అడగలేదు. అడిగితే ఎందుకడుగుతున్నావంటుంది. రోజూ ఆవిడ పక్కనే కూర్చుని తిన్నాను, ఆ రెండు నెలలూ. నిద్ర పట్టలేదని అబద్ధం చెప్పను, పట్టింది.

అక్కడితో ఆగినా నా ఒక్కదాని పాపంగానే ఉండేది. కానీ నియమం ఒకటుంది, వ్యాసం ఇచ్చిన రోజునే ఒక పేజీ సారాంశం గ్రంథాలయం గుమ్మం పక్కన అంటిస్తారు. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే ఆవిడ మా సందు చివరి అత్త కోడలు. సందు చివరి అత్త అంటే మాకు చుట్టం కాదు, ఆ గొడుగుల గదిలో పెద్దమ్మ పక్క పీట. ఆవిడ ఎడమ చేతి వేళ్లు మూడు అంటుకుపోయి ఉంటాయి, ఆ మంటల్లోనే. చనిపోయిన ఇద్దరిలో ఒకమ్మాయి ఆవిడ చెల్లెలు, పందొమ్మిదేళ్లు. నలభై ఏళ్లుగా రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చి మా గుమ్మంలో కూర్చుంటుంది, పెద్దమ్మ టీ పెడుతుంది, టీ బాగోలేదని ఆవిడ తిడుతుంది, అయితే రేపటి నుంచి రాకు అని ఈవిడ తిడుతుంది. కోడలు ఆ సారాంశంలో పక్క తలుపు పీట సంగతి చదివి చెప్పినట్టుంది, పదిహేడు రోజులుగా రావడం లేదు.

పొద్దున నేను బయల్దేరుతుంటే పెద్దమ్మ నా బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"ఏమైందంటావే మీ అత్తకి?"

"ఒంట్లో బాగోలేదేమో పెద్దమ్మా."

"ఒంట్లో బాగోకపోతే ఇంకా ముందే వస్తుంది, తిట్టడానికి మనిషి కావాలిగా. నిన్న సందులో ఎదురుపడింది. నన్ను చూసి అటు తిరిగిపోయింది. చూపు మందగించిందేమో అనుకున్నా." ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "చూపు మందగించినవాళ్లు అంత చురుగ్గా తిరగరు తల్లీ. ఇవాళ భోజనం చేశాక నేనే వెళ్తా. మొహం మీదే అడుగుతా, నేనేం చేశానే అని."

చెయ్యి చాచి బట్టలు తీసుకున్నాను, వెచ్చగా ఉన్నాయి.

"పరీక్షలో వాళ్లేమడిగినా, తెలిస్తే తెలుసని చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు. నీళ్లు నమలకు," అంది.

భోజనం చేశాక. అంటే ఒంటిగంటన్నర. ఇప్పుడు పన్నెండుకి ఇంకా పదిహేను నిమిషాలుంది. సందు చివరికి వెళ్తుంది, చెప్పులు గుమ్మం బయట విడుస్తుంది, నవ్వుతూనే అడుగుతుంది నేనేం చేశానే అని, ఆవిడ చెబుతుంది. మీ పిల్లే రాసిందిగా, నువ్వే చెప్పావటగా, నా చెల్లెల్ని లోపల పెట్టి తాళం వేశావటగా. ఆ మాట విన్నాక పెద్దమ్మ మొహం ఎలా ఉంటుందో ఊహించబోయి ఆగిపోతున్నాను, ప్రతిసారీ చెప్పులు విడిచే దగ్గరే ఆగిపోతున్నాను. నేను ఇక్కడ లోపలికెళ్లి ఆ తాళం ఉన్న మూడో అధ్యాయం ఒక్కటే కొంచెం సందేహాస్పదం అని సర్దిచెప్పొచ్చు. పాసవుతాను. పాత పత్రాల గదిలో ఉద్యోగం ఉంది, పట్టా ఉంటే ఈ నెలలోనే చేరమన్నారు. ఉద్యోగంలో చేరి తర్వాత నిదానంగా సవరణ వ్యాసం రాయొచ్చు, పెద్దమ్మకి క్షమాపణలతో, మొదటి పేజీలో. ఎంత బాగుంటుంది ఆ మొదటి పేజీ! ఛీ. క్షమాపణలోనూ నాకు మొదటి పేజీయే కావాలి.

తలుపు తెరుచుకుంది. మేడం. మొహం వెలిగిపోతోంది. "వచ్చేస్తున్నారు, స్టేషన్లో దిగారట. పటం రెండు దగ్గర తప్పకుండా అడుగుతారు, ఆ బాణం దగ్గర ఆగి నెమ్మదిగా చెప్పు. ఏంటలా పాలిపోయావు? నీళ్లు తాగు." నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయింది. చెప్పాలని నోరు తెరిచాను, మేడం అనే మాట వరకు వచ్చింది, తలుపు అప్పటికే మూసుకుంది. కావాలనే ఆలస్యంగా తెరిచానా నోరు? ఏమో. ఏమో అనడం కూడా ఒక నీళ్లు నమలడమే.

లేచాను. నాలుగడుగులు. బల్ల.

"ఏమండీ, నా వ్యాసం ప్రతులు వెనక్కి తీసుకోవచ్చా?"

"అచ్చుతప్పులా? తప్పొప్పుల కాగితం ఒకటి లోపల పెట్టు, చాలు. అందరూ చేసేదే."

"అచ్చుతప్పు కాదండీ."

ముద్రల మావయ్య కళ్లజోడు తీశాడు. కళ్లజోడు లేకుండా ఆయన వేరే మనిషిలా ఉన్నాడు, ఎవరి ఇంట్లోనో ఒక పెద్దాయనలా. "ఇప్పుడు తీసుకుంటే ఈ ఏడాది పట్టా లేనట్టే. తెలుసా?"

"తెలుసండీ."

"మీ మేడంకి తెలుసా?"

"ఇంకా లేదు."

"ఇంట్లో?"

తల అడ్డంగా ఊపాను. ఇప్పుడు బస్సెక్కితే ఒంటిగంటకి సందు చివర ఉంటాను. ముందు ఆ గుమ్మం, తర్వాత మా గుమ్మం. "గ్రంథాలయంలో అంటించింది కూడా తీయించాలండీ."

"రిజిస్టరులో ఎక్కితే అదీ తీస్తారు." పొడుగాటి పుస్తకం తెరిచి నా వైపు తిప్పాడు. "కారణం రాసి సంతకం పెట్టు. ఖాళీగా వదిలితే ముద్ర వేయను, ముందే చెబుతున్నా."

కారణం గడిలో పైన ఉన్నవన్నీ చదివాను. అనారోగ్యం. అనారోగ్యం. కుటుంబ పరిస్థితులు. అనారోగ్యం. ఎవరి అక్షరాలు వాళ్లవి, జబ్బు మాత్రం అందరికీ ఒకటే. పెన్ను తీసుకుని రాశాను, సాక్షి మాటను తప్పుగా అర్థం చేసుకున్నాను. చదువుకున్నాను. బాగానే ఉంది. ఎవరైనా చదివితే అయ్యో పాపం అనుకుంటారు, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అనుకుంటారు. అబద్ధం కూడా కాదు. చలికాలంలో, ఆ వంటగదిలో, నిజంగానే తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆ తర్వాత? ఆ ఆదివారం తర్వాత?

"అయిందా?" అన్నాడాయన.

"ఒక్క నిమిషం."

రాసినదాని మీద ఒకే గీత గీశాను, కింద అక్షరాలు కనిపించేలా. పక్కన మిగిలిన కొంచెం చోటులో, చిన్నగా, గీతలు దాటిపోకుండా రాశాను: తప్పని తెలిశాక రెండు నెలలు దాచాను.